ఉపకారమా, వేతనమా?

విద్యార్థులకు ధనసహాయముగా నొసగెడి సొమ్మునకు మన భాషలో ఉపకార వేతనమని పేరు. ఈ మాటను మొదట కూర్చినవారెవరో కాని, చెరియొక దిక్కునకు లాగెడి యెద్దులను రెంటిని ఒకే కాడికి కట్టిరి. ఉపకారమనగా నొకరు దయతో చేయునది. దానిని పొందినవాడు కృతజ్ఞుడై యుండవలసినదే కాని, కొలత చాలదని సణుగుటకు వీలులేదు. వేతనమనగా చేసిన పనికి ప్రతిఫలము. అది తగ్గినయెడల ఏల తగ్గెనని యడుగుటకు పనిచేసినవానికి హక్కు కలదు. ఈ రెండు మాటలును వేరువేరుగ నున్నంతవరకు ఎవరికిని కీడు చేయవు. రెండును ఒకే జాబులో ఒకే యింటికి వచ్చినప్పుడు మాత్రము, చేతులు జోడింపవలెనో, లెక్క యడుగవలెనో ఆ యింటివారికి తెలియకపోవును. అట్టి యిల్లొకటి మాకు బాగుగ తెలియును. ఆ యింటి దుఃఖములో మా పాలును కొంత యున్నది గనుకనే ఈ విషయమును గూర్చి వ్రాయ బూనితిమి.

2024వ సంవత్సరపు వేసవిలో జరిగిన సంగతి యిది. పుంగనూరునకు దాపున నొక పల్లెలో మూడెకరముల మెట్ట భూమి గల రైతొకడు బోరుబావి నీటితో టమోటా పండించి మదనపల్లె మండీకి తెచ్చుచుండును. ఆయన కుమార్తె మావద్ద రెండేండ్లు చదివినది. పాఠము చెప్పుచుండగా మా తప్పును మాకే సవినయముగ చూపగల విద్యార్థులు ఉపాధ్యాయుని జీవితములో నలుగురైదుగురే తటస్థపడుదురు. ఈ బాలిక వారిలో నొకతె. భౌతికశాస్త్రమును పరిశోధనతో కూడ నేర్పెడి నాలుగేండ్ల చదువొకటి పొరుగు రాష్ట్రమందలి యొక ప్రైవేటు విశ్వవిద్యాలయమున నున్నదని తెలిసికొని, ఆ సంస్థవారి ప్రవేశ పరీక్ష వ్రాసి నెగ్గినది. దరఖాస్తులో ధనసహాయము కోరు గడిని మేమే నింపించితిమి. అంతటితో నూరకుండక, తలిదండ్రులతో "ఈ మార్కులకు ఫీజంతయు మాఫీ యగును, మీరు దిగులుపడకుడు" అని చెప్పితిమి. ఎవరిని విచారించి చెప్పితిమి? ఎవరిని విచారింపలేదు. శిష్యురాలి ప్రజ్ఞను చూచి మురిసిన మనస్సు తనకు తోచిన దానినే లోకన్యాయమని నమ్మి పలికినది.

జాబు వచ్చెను. మొదటి పేరాలో అభినందనలు. రెండవ పేరాలో నీవంటి విద్యార్థిని మాకు గర్వకారణమన్న మాట. మూడవ పేరాలో లెక్క. సంవత్సరమునకు బోధన రుసుము రెండు లక్షలు. అందులో నాలుగవ వంతు తగ్గింపు. హాస్టలునకును భోజనమునకును మరియొక లక్ష. దానిలో తగ్గింపు లేదు. అనగా ఏటేట రెండున్నర లక్షలు, నాలుగేండ్లకు పది లక్షలు ఆ రైతు కట్టవలెను. పదిదినములలో అంగీకారము తెలుపనిచో సీటు మరియొకరి కిచ్చెదమని చివర నొక పంక్తి.

మరునాటి యుదయమున ఆ తండ్రి మండీలో బాక్సులు దింపి, వేలము ముగిసిన పిమ్మట మా యింటికి వచ్చెను. మజ్జిగ యిచ్చినను త్రాగలేదు. ఫోనులోని జాబును మాకు చూపి, "మా పాపకు వాళ్లు కట్టిన వెల ఇంతేనా, అయ్యవారూ?" అని యడిగెను.

ఈ ప్రశ్నలో డబ్బు లేమిని గూర్చిన బాధ పావువంతు. తక్కిన ముప్పావు అవమానము. డబ్బు చాలకుండుట ఆ యింటికి క్రొత్త గాదు. విత్తుల వేళను, మందుల వేళను, పెండ్లి వేళను చాలకుండుట వారెరిగినదే. కాని ఊరిలో అందరికంటె బాగుగ చదివిన పిల్లను పెద్దలెవరో తూకము వేసి, నీ విలువ పావలా యని చెప్పినట్లు వారికి తోచినది. ఈ రెండు బాధలును కలిసియున్నంతవరకు దేనికిని మందు లేదు. చేతిలో కాగితము పెట్టుకొని కూడికలు వేయదలచినవాని కన్నులలో అవమానపు నీరు నిండియుండగా అంకెలు కనబడవు.

ఆయనకు తెలిసిన భాషలోనే చెప్పుదమని మండీ మాట యెత్తితిమి. 2023వ సంవత్సరము జులైలో ఇదే మదనపల్లె మండీలో కిలో నూరు రూపాయలు దాటి పలికిన పండే, మరియొక ఋతువులో కోత కూలికైన చాలక రోడ్డు ప్రక్కన పారబోయబడుట ఆయన యెరుగనిది కాదు. ఆనాటి పండు ఈనాటి పండుకంటె అన్ని రెట్లు మేలైనదా యని యడిగితిమి. "పండుదేముంది అయ్యవారూ, ఆపొద్దు సరుకు లేదు" అని ఆయన నవ్వెను. ఇదియు నంతే యంటిమి. సంస్థవారు సహాయమునకై ఏడాదికింత యని కేటాయింతురు. దానిని వచ్చినవారి సంఖ్యనుబట్టి పంచుదురు. కొన్నిచోట్ల నదియును లేదు. ఫీజును తామే హెచ్చుగ నిర్ణయించి, దానిలో కొంత తామే తగ్గించి, ఆ తగ్గింపునకు ఉపకార వేతనమని పేరు పెట్టి, ఖాళీ సీట్లు నింపుకొనుటకు సాధనముగ వాడుదురు. అంగడివాడు రెండువందల చీరకు నాలుగువందలని చీటి యంటించి నూరు తగ్గించినప్పుడు, మనము వానిని దాత యనుచున్నామా? కావున ఆ జాబులోని యంకె సంస్థ యొక్క అవసరమును కొలిచెనే కాని నీ బిడ్డను కొలువలేదని మేము వాదించితిమి.

ఆయన సావధానముగ విని, లేచుచు నొక మాట యనెను: "పండుకు తెలీదు కదా అయ్యవారూ, దాని వెల యెంత పలికిందో. పాపకు తెలస్తాది."

మేము నిరుత్తరులమైతిమి. మా వాదమంతయు నిజమే. కాని ఆయన మాట అంతకంటె నిజము. విలువ వేరు, వెల వేరని తర్కము చెప్పుట సులభము. పదునెనిమిదేండ్ల మనస్సు ఆ భేదమును గ్రహించి నిబ్బరముగ నుండుట సులభము కాదు.

దీనికి కుప్పములో మేము పనిచేసిన నాటి యనుభవమొకటి సాక్ష్యము పలుకుచున్నది. 2012వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బోధన రుసుముల తిరిగి చెల్లింపునకు మితి నేర్పరచెను. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో పదివేల లోపు ర్యాంకు వచ్చినవారికి ఫీజంతయు, దాటినవారికి 35,000 రూపాయలు మాత్రమే చెల్లింతుమనిరి. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకును, ప్రభుత్వ పాఠశాలలలో చదివివచ్చినవారికిని ఈ మితి లేదు. ఖజానాకు హద్దు ఉండవలసినదే. ఎక్కడనో నొకచోట గీత గీయక తప్పదు. ఆంధ్రప్రదేశములో 2019-20 వరకును ఆ గీత నిలిచినది. అయితే గీత గీచినవారు ఖజానాను చూచి గీచిరి. గీతకు ఆవల పడినవారు దానిని తమ నొసటి వ్రాతగా చదువుకొనిరి. మా పూర్వవిద్యార్థి యొకడు పదివేలకు కొన్ని వందల పైచిలుకు ర్యాంకు తెచ్చుకొన్నవాడు. తక్కిన ఫీజును తల్లి మెడలోని బంగారము తీర్చినది. చదువు ముగించి నేడు బెంగుళూరులో మంచి యుద్యోగములోనే యున్నాడు. రెండేండ్ల క్రిందట కుప్పము రైలుస్టేషనులో కనబడినప్పుడు కుశలమడుగగా, "మేము పదివేలు దాటిన బ్యాచి కదా సార్, ఇంతే" అని నవ్వెను. అతడు పొందిన జీతము, కట్టిన యిల్లు, పెంచుచున్న పిల్లలు, ఏవియు ఆ యంకెను తుడువలేకపోయినవి. ప్రభుత్వము దానిని రద్దు చేసినది, అతడు చేయలేదు.

ఇక ఉపకారమను మాట వద్దకు వత్తము. ఈ దేశమున బీద విద్యార్థి నడిచివచ్చిన త్రోవ యిదియే. మన తాతల నాట పట్టణమునకు చదువ వచ్చిన పిల్లవాడు వారములు చెప్పుకొని, సోమవారమొక యింట, మంగళవారమొక యింట భుజించెడివాడు. ఆ యిండ్లలో దయగల తల్లులుండిరి. వడ్డించుచు ముఖము ముడుచుకొన్నవారును ఉండిరి. ఆ యన్నముతో చదివి గొప్పవారైనవారు తమ చరిత్రములలో ఆ తల్లులను కన్నీటితో తలచుకొనిరి. మంచిదే. కాని ఆ వారములు ఏ కులపు పిల్లవానికి దొరకెను? మాల మాదిగ పిల్లవానికి ఆ యరుగు మీద కూర్చుండుటకైన చోటున్నదా? ఆడుపిల్ల వారములు చెప్పుకొనినట్లు ఎక్కడనైన విన్నామా? దాత యిష్టముపై నాధారపడిన ఉపకారము దాత హృదయమంతయే విశాలముగ నుండును; దాత హృదయమునకో, ఊరి గోడలే యెల్లలు. అందుచేతనే ఉపకారమును చట్టముగ మార్చుట కొఱకు సంస్కర్తలు పాటుపడిరి. నేడు కుటుంబాదాయము ఏడాదికి రెండున్నర లక్షలకు లోబడిన విద్యార్థికి కన్వీనరు కోటా సీటులో ప్రభుత్వము రుసుము చెల్లించుచున్నదన్నచో, అది వారాలన్నము కాదు. ఆ సొమ్ము వేళకు రాక, బకాయిలు పేరుకొని, కళాశాలలు పిల్లల ధ్రువపత్రములను బిగబట్టిన వార్తలు మనము పత్రికలలో చదివియున్నాము. అప్పుడు విద్యార్థి నోట ఫిర్యాదు వచ్చుట కృతఘ్నత కాదు. హక్కుగా నిచ్చెదమన్నదానిని అడిగినవాడు యాచకుడు కాడు.

అయినను అడుగుట యన్నచో మనకు సిగ్గు. మన నీతిశాస్త్రములు యాచకుని గడ్డిపోచకంటె తేలికచేసి మాటలాడి, చేయి చాచుటయే చావన్నంతగా మనకు నూరిపోసినవి. పాశ్చాత్యులలోను ఈ యభిమానము తక్కువ గాదు. ఆంగ్లభాషకు నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సను 1728 అక్టోబరులో ఆక్సుఫర్డు పెంబ్రోకు కళాశాలలో చేరెను. భరించెదనన్న ధనికుని సొమ్ము ఎన్నడును చేరలేదని ఆయన చరిత్రకారుడు బాస్వెల్ వ్రాసెను. బూట్లు చినిగి కాలివ్రేళ్లు కనబడుచుండగా, ఎవరో జాలిపడి క్రొత్తజత నొకదానిని ఆయన గుమ్మము ముందు పెట్టించిరట. జాన్సను కోపముతో దానిని విసరి పారవేసెను. 1729 డిసెంబరునాటికి పట్టము లేకయే కళాశాల విడిచెను. ఈ కథను చదివినప్పుడెల్ల యౌవనమున మాకు రోమాంచమయ్యెడిది. ఇప్పుడు, నలుబదులు దాటి, తరగతిగదిలో చినిగిన చెప్పుల కాళ్లను చూచుచున్న మాకు, ఆ బూట్లను పెట్టినవాడు తలుపు తట్టి, "నీకేమి కావలెను?" అని యడిగియుండిన బాగుండెడిదని తోచుచున్నది.

అట్లు తలుపు తట్టి యడిగిన దాత మన కావ్యములలో ఒకడున్నాడు. రఘువంశము అయిదవ సర్గలోని కథ చదువరులెరిగినదే. వరతంతుని శిష్యుడు కౌత్సుడు పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్ల గురుదక్షిణ తేవలసినవాడై రఘుమహారాజు నొద్దకు వచ్చును. రాజప్పటికే విశ్వజిద్యాగములో సర్వస్వమును దానమిచ్చి, మట్టిపాత్రలో అర్ఘ్యము తెచ్చి యెదురు వచ్చును. ఆ మట్టిపాత్రయే కౌత్సునికి వచ్చిన జాబు. ఇక్కడ నాకు కావలసినది దొరకదని గ్రహించి, రాజును నిందింపక, తన్ను తాను నిందించుకొనక, వేరొకచోట వెదకుకొందునని వెనుదిరుగును. అప్పుడు రఘువు ఆపి యడుగును: ఏమి కావలెను? ఎంత కావలెను? కౌత్సుడు నసుగక మొత్తము చెప్పును. తరువాత కుబేరుడు కురిపించిన బంగారమంతయు తీసికొమ్మని రాజు పట్టుబట్టగా, గురువునకు చెల్లింపవలసిన దానికంటె నొక్క కాసైన నాకు వలదని శిష్యుడు పట్టుబట్టును. సంస్కృతము చదువుకొన్ననాడు మేము ఈ కథలో రాజు ఔదార్యమునే చూచితిమి. ఇప్పుడు మాకు కౌత్సుడే కనబడుచున్నాడు. లెక్క తెలిసి, లెక్క చెప్పి, లెక్క మీరక అడిగినవానికి సిగ్గెందుకు?

ఈ బలముతోనే మేము బాలికచేత ఆ విశ్వవిద్యాలయమునకు తిరిగి జాబు వ్రాయించితిమి. వేడికోలు కాదు, తండ్రి యాదాయపు ధ్రువపత్రము, ఇల్లు భరింపగలిగిన మొత్తము, తక్కువ పడుచున్న మొత్తము, ఇంతే. ఆరుదినములకు బదులు వచ్చినది. ఈ యేటి సహాయనిధి ముగిసినదనియు, మొదటి వాయిదా కట్టుటకు మాత్రము రెండుమాసముల గడువిత్తుమనియు నందున్నది. రఘువు లేడు, మట్టిపాత్ర మాత్రమే యున్నది. కాని ఒక మేలు జరిగినది. అడిగినపిమ్మట బాలిక ముఖము తేటపడెను. వారు తన్ను తూచలేదని, నిధిని తూచుకొనిరని, మేము ఎంత వాదించినను కలుగని నమ్మకము ఆ పొడి బదులుతో ఆమెకు కలిగినది.

ఆ వారాంతమున మేము వారి పల్లెకు పోయితిమి. ఇంటినిండ బంధువులు. వ్రాసిపెట్టి యుండలేదని యొకరు, కర్మ యని యొకరు, ఆడపిల్లకు అంతదూరపు చదువేల యని వేరొకరు. ఆ జాబు ఎందరికి ఆశ్రయమిచ్చినదో అప్పుడు చూచితిమి. పంపుట కిష్టము లేనివారికందరికి గౌరవమైన నెపము దొరకినది. డబ్బు చాలలేదన్నచో ఎవరిని ఎవరును తప్పుపట్టనక్కర లేదు. మాకు సహింపరాక, "ఇదే జాబు మీ కొడుకునకు వచ్చియుండినచో ఏమి చేసియుందురు?" అని తండ్రి నడిగితిమి. కుమారు డక్కకంటె నొక్క యేడు చిన్న. మరుసటి వేసవికి వానికిని ఇంటరు ముగియును. తండ్రి తలవంచుకొనెను. తల్లి పొయ్యి యొద్ద నుండియే, "కొడుకైతే ఒకెకరా అమ్మేసుంటాము, అయ్యవారూ. దాపరికమెందుకు?" అనెను. ఇంటిలో మాట లేదు. సభలలో నెన్నో యుపన్యాసములు విన్నాము, మేమే యిచ్చితిమి. స్త్రీవిద్యను గూర్చి ఇంత చిన్న వాక్యములో ఇంత నిజము చెప్పినవారిని చూడలేదు.

మా ప్రశ్న న్యాయమైనదని అప్పుడు గర్వపడితిమి. నాలుగుదినములకు దాని ఫలము తెలిసినది. ఆ ప్రశ్న ముల్లై గ్రుచ్చుకొనగా తండ్రి మరియొకరితో చెప్పకుండ నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు వ్రాసి, రెండున్నర లక్షలు తెచ్చుకొనెను. మాకు చెప్పి, "పాపకు తెలీకూడదు, అయ్యవారూ. తెలిస్తే పోదు" అని మాట తీసికొనెను. మేము మాట యిచ్చితిమి.

చదువరులు దయచేసి ఈ లెక్కను మాతో కూడ వేయుదురు గాక. ఏటేట రెండున్నర లక్షలు నూటికి రెండు చొప్పున తెచ్చినచో, మొదటియేటి సొమ్మునకు నాలుగేండ్లలో 2,40,000 వడ్డీ, రెండవయేటి దానికి 1,80,000, మూడవదానికి 1,20,000, నాలుగవదానికి 60,000. బారువడ్డీయే అనుకొన్నను చదువు ముగియునాటికి అసలు పది లక్షలు, వడ్డీ ఆరు లక్షలు. చక్రవడ్డీ మాట తలపెట్టనక్కర లేదు. ఆ సంవత్సరమే నవంబరులో కేంద్రప్రభుత్వము పి.ఎం. విద్యాలక్ష్మి యను పథకము నంగీకరించినది. ఎంపికచేసిన ఉన్నతసంస్థలలో సీటు వచ్చినవారికి ఆస్తి తాకట్టును, జామీనుదారును లేకయే బ్యాంకు ఋణము. ఆదాయము ఎనిమిది లక్షలకు లోబడినచో పది లక్షల వరకు ఋణముపై నూటికి మూడు చొప్పున వడ్డీ రాయితీ. బ్యాంకు గడప యెక్కుటకు జంకి ఊరి వడ్డీ వ్యాపారి అరుగెక్కువారికి ఇట్టివాటిని చెప్పుట మా వృత్తిలోనివారి పని. కాని ఋణము ఋణమే. జాబులో సహాయమన్న శీర్షిక క్రింద ఋణమును గూడ వ్రాసి, కూడిక పెద్దదిగ చూపెడి సంస్థలు కలవు. ఉచితముగ నిచ్చునది వేరు, తిరిగి యీయవలసినది వేరు. ఈ రెంటిని వేరుచేసి వ్రాసికొననిదే ఏ యింటను సంతకము చేయరాదని మా మతము.

పదకొండుదినములు మేము మాట నిలుపుకొంటిమి. బాలిక ప్రతిదినము వచ్చి, క్రొత్తచోట ఏ పుస్తకములు అక్కరపడునో యడుగుచుండెను; మేము చెప్పుచుంటిమి. పండ్రెండవనాడు చొక్కా ఉతుకుటకు తీయగా జేబులో ప్రోనోటు నకలు ఆమె చేతికి చిక్కినది. సాయంకాలము మా యింటికి వచ్చి నిలుచుండియే, "నాన్న సంగతి సరే సార్. మీరైనా నాతో ఒక మాట చెప్పుండొచ్చు కదా" అనెను. ఏడ్చియుండిన మేము తట్టుకొనియుందుము. ఏడువలేదు.

ఆ బాలిక భవిష్యత్తును గూర్చి సంస్థ యొక నిర్ణయము చేసినది, బంధువులొకటి చేసిరి, తండ్రి యొకటి చేసెను, మేమొకటి చేసితిమి. ఆమె నడిగినవారు లేరు. తండ్రి చేసినది ప్రేమతో. మేము చేసినది మర్యాదతో. అయినను, నీ పేర పదునారు లక్షలు పెరుగుచున్నవని చెప్పక ఒకరిని చదువునకు పంపుట, ఆమె వెల యెంతయో ఆమెకు తెలియనీయక పోవుట కాదా? పండుతో సమానము చేయుట కాదా? తండ్రి మా యింట నాడు పలికిన మాట అప్పుడు మాకు తిరిగి వినబడెను.

ఆ రాత్రి వారి యింటిలో నలుగురును కూర్చుండి మొట్టమొదటిసారి లెక్కలన్నియు పరచుకొనిరి. తమ్ముడును కూర్చుండెను, వాని చదువున కెంత యని అక్కయే యడిగి వ్రాసినదట. ఆ లెక్క చూచిన తరువాత ఆమెయే నిర్ణయించుకొన్నది: ఆ విశ్వవిద్యాలయమునకు ఇప్పుడు పోను, మదనపల్లెలో భౌతికశాస్త్రము తీసికొని పట్టము చదివెదను, పై చదువునకు అక్కడికో, అంతకంటె మంచిచోటికో పరీక్ష వ్రాసెదను. ఎకరము అమ్మెదమని తల్లి యనగా, అది తమ్మునికిని నాకును సగము సగము మిగులనిండని యనినది. ప్రోనోటు సొమ్ము వెనుకకు పోయినది. నెల వడ్డీ అయిదువేలు నష్టము. దానిని మేమిచ్చెదమంటిమి. తండ్రి ముఖము ఎఱ్ఱబారి, వలదనెను. జాన్సను బూట్లు మాకు జ్ఞప్తికి వచ్చినవి, ఇక బలవంతపెట్టలేదు.

ఈ నిర్ణయము మంచిదేనని చదువరులు మెచ్చుకొనుటకు త్వరపడవలదు. మదనపల్లె కళాశాలలో చదువుటకును, ఆమె కోరిన పరిశోధనాగారములో చదువుటకును భేదము లేదని మేము చెప్పజాలము. ఉన్నది. ఇట్టిచోట మహాపురుషుల కథలు చెప్పి యోదార్చుట మావంటివారికి పరిపాటి. 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోనిదైన తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణగారు, బంధువొకరు చదివి యిచ్చిన తత్త్వశాస్త్ర పుస్తకములు ఊరక దొరకుటచేతనే ఆ శాస్త్రము నెన్నుకొనిరని చెప్పుదురు. బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌనులు మూడేండ్లు ఇచ్చిన వేతనముతో 1913లో అమెరికా వెళ్లిన అంబేద్కరుగారు, ఆ గడువు ముగియుటచేత 1917లో లండను చదువును నడుమ విడిచి మరలి వచ్చి, కూడబెట్టిన జీతముతోను, కొల్హాపురపు షాహూ మహారాజు సాయముతోను, మిత్రుని యప్పుతోను 1920లో తిరిగిపోయి ముగించిరి. రెండవ కథను మేమామెకు చెప్పితిమి. వాయిదా పడుట మానుట కాదని తెలియుటకు. మొదటిది చెప్పలేదు. దొరకిన పుస్తకములతో తృప్తిపడి గొప్పవాడైన యొకని కథ వెనుక, దొరకిన పుస్తకములే గతియై కోరిన చదువు కోల్పోయిన వేలమంది యున్నారు. వారి కథ వ్రాసినవారు లేరు. వారు రాధాకృష్ణలు కాకపోవుట వారి తప్పని సూచించెడి కథను శిష్యురాలికి ఎట్లు చెప్పుదుము?

ఆమె ఆ యేడు మదనపల్లెలో చేరినది. ప్రభుత్వము కట్టవలసిన ఫీజు వాయిదా యొకటి ఆలస్యమై, పరీక్ష ముందు కళాశాలవారు ఒత్తిడి చేయగా, తనతోపాటు పదునేడుగురి సంతకములు తీసికొని తానే అర్జీ వ్రాసినది. మమ్ము పిలువలేదు.

మరుసటి యేడు వేసవిలో తమ్ముని యింటరు ఫలితములు వచ్చినవి. వారమునకు తండ్రి, మండీ నుండి తిన్నగ, మా యింటికి వచ్చెను. ఈసారి మజ్జిగ త్రాగెను. సరుకు చీటీలు దాచుకొనెడి పాతపుస్తకమును తీసి, నడిమి పుట యొకటి విప్పి మా ముందు పెట్టెను. గీతలు గీచి, ఫీజొక వరుస, హాస్టలొక వరుస, ఇంటిలో నున్నదొక వరుస, లేనిదొక వరుస. అడుగున చుట్టు గీచిన మొత్తమొకటి. దస్తూరి మాకు తెలిసినదే.

"ఈసారి పాపే రాసిచ్చింది, అయ్యవారూ," అనెను, "యెంత అడగాలో."